పోపు డబ్బా తెరవకుండా నాలుగు దేశాల వంటలు

ఇటలీలోని నేపుల్స్ ఇళ్లలో పొద్దుపోయాక వండుకునే వెల్లుల్లి స్పగెట్టీ, చైనాలో చాలామంది మొట్టమొదట నేర్చుకునే టమాటా కోడిగుడ్డు వేపుడు, టమాటా రసంలో గుడ్లు ఉడికించే ట్యునీషియా షక్షూకా, బియ్యం, మసూర్ పప్పు కలిపి వండే లెబనాన్ ముజద్దరా. ఈ నాలుగు వంటలకూ కావలసిన సరుకుల్లో స్పగెట్టీ, ఆలివ్ నూనె, పొట్టు తీయని మసూర్ పప్పు మాత్రం ప్రత్యేకంగా తెచ్చుకోవాలి. మిగిలిన ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర, టమాటా, కోడిగుడ్డు, బియ్యం తెలుగువారి వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. అయినా ఈ వంటల రుచి మన కూరల రుచికి దగ్గరగా రాదు. ఏ సరుకు ముందు పడుతుంది, ఎంత సెగ మీద ఎంతసేపు ఉంటుంది, ఏది అసలు పడకూడదు అన్న మూడు విషయాలే అక్కడి రుచిని నిర్ణయిస్తాయి. అందువల్ల మొదటిసారి వండేటప్పుడు పోపు డబ్బా మూత తీయకూడదని నియమం పెట్టుకోండి. ఆవాలు, మినప్పప్పు, పసుపు, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వీటిలో దేనికీ అవసరం లేదు. జీలకర్ర మాత్రం రెండు వంటల్లో కావాలి కాబట్టి, దాన్ని ముందుగానే తీసి దోరగా వేయించి, పొడి చేసి పక్కన పెట్టుకుంటే డబ్బా మళ్లీ తెరిచే పని ఉండదు. ఒకసారి అసలు రుచి తెలిసిన తరువాత మీ ఇష్టం వచ్చిన మార్పులు చేసుకోవచ్చు. తెలియకముందే చేస్తే నాలుగు వంటలూ ఒకే రుచికి వస్తాయి.

పాత్రల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. టమాటా పులుపు ఇనుప మూకుడుతోనూ, పూత లేని అల్యూమినియం గిన్నెతోనూ కలిసి లోహపు రుచిని తెస్తుంది కనుక, టమాటా వంటలకు అడుగు మందంగా ఉన్న స్టీలు పాత్రను గానీ నాన్‌స్టిక్ పాత్రను గానీ వాడండి.

వెల్లుల్లి స్పగెట్టీ

ఇటలీలో దీన్ని ఆలియో ఎ ఓలియో అంటారు. నేపుల్స్ నగరానిదిగా పేరుపడిన ఈ వంట, అర్ధరాత్రి స్నేహితులు చేరినప్పుడు పది పదిహేను నిమిషాల్లో ముగించే పనిగా ఇటలీ అంతటా ప్రసిద్ధం. ఇద్దరికి 200 గ్రాముల స్పగెట్టీ, 60 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, ఆరు పెద్ద వెల్లుల్లి రెబ్బలు, ఒకటి రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు కావాలి. నాటు వెల్లుల్లి అయితే రెబ్బలు చిన్నవి కనుక పది పన్నెండు తీసుకోండి. గుంటూరు తేజ రకం మిరపకాయ ఇటలీ వాళ్లు వాడే మిరపకాయ కన్నా చాలా ఘాటు. దానిలో సగం చాలు. స్పగెట్టీ కొనేటప్పుడు పొట్లం మీద డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినదని రాసి ఉందో లేదో చూసుకోండి. మైదా కలిపినది త్వరగా మెత్తబడి ముద్దవుతుంది. ఈ వంటలో నూనే పులుసు, నూనే మసాలా కాబట్టి ఇక్కడ మాత్రం మంచి ఆలివ్ నూనె పెట్టక తప్పదు. నువ్వుల నూనె దాని వాసనతో మిగిలిన రుచులను కప్పేస్తుంది.

మొదట లీటరున్నర నీళ్లను మరిగించి, అందులో 12 నుంచి 15 గ్రాముల ఉప్పు, అంటే సుమారు రెండున్నర చిన్న చెంచాలు వేయండి. ఇది ఎక్కువ అనిపిస్తుంది గానీ స్పగెట్టీకి ఉప్పు పట్టేది ఈ నీళ్లలోనే. తరువాత పైనుంచి వేసే ఉప్పు దాని లోపలికి వెళ్లదు. నీళ్లలో నూనె వేసే అలవాటు చాలామందికి ఉంది, దాని వల్ల ప్రయోజనం లేదు. స్పగెట్టీని విరవకుండా వేసి, మొదటి నిమిషం కలుపుతూ ఉంటే ఒకదానికొకటి అంటుకోదు. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందు ఒక పోగు తీసి కొరికి చూడండి. లోపల సన్నగా పలుకు తగలాలి.

స్పగెట్టీ ఉడుకుతుండగానే వెల్లుల్లిని సన్నని పలుచని చక్రాలుగా తరగండి. దంచినా, ముద్ద చేసినా వెంటనే మాడుతుంది. ఇక్కడ మన చెయ్యి అలవాటుకు పూర్తిగా ఎదురు వెళ్లాలి. పోపుకు నూనె బాగా కాగిన తరువాతే దినుసులు వేస్తాం. ఈ వంటలో నూనె, వెల్లుల్లి రెండూ చల్లగా ఉండగానే వెడల్పాటి మూకుడులో కలిపి, ఆ తరువాత పొయ్యి వెలిగించాలి. మంట అతి సన్నగా ఉండాలి. నాలుగైదు నిమిషాలలో వెల్లుల్లి చుట్టూ చిన్న బుడగలు లేచి, దాని వాసనంతా నూనెలోకి దిగుతుంది. అంచులు లేత గడ్డి రంగుకు తిరగగానే తుంచిన ఎండుమిర్చి వేసి, పది సెకన్ల తరువాత ఒక గరిటెడు స్పగెట్టీ ఉడికిన నీళ్లు పోయండి. ఆ నీళ్లు వేగడాన్ని అక్కడికక్కడే ఆపుతాయి. రంగు బాగా ఎరుపెక్కే వరకు ఆగితే వెల్లుల్లి చేదెక్కుతుంది, ఆ చేదును తరువాత ఏదీ సరిచేయలేదు. ఆ నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

ఇప్పుడు పలుకు మీద ఉన్న స్పగెట్టీని పట్టుకారుతో గానీ చిల్లుల గరిటెతో గానీ తీసి, తడి తడిగానే మూకుడులో వేయండి. ఉడికిన నీళ్లు పారబోయవద్దు. అవి గోధుమ గంజి. నూనె, నీళ్లు మామూలుగా కలవవు; గంజిలోని పిండిపదార్థం ఆ రెండింటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. మరో గరిటెడు గంజి పోసి, మంట పెంచి, రెండు నిమిషాలు గబగబా ఎగరవేస్తూ కలిపితే అడుగున ఉన్న నూనె తేట పోయి, పలుచని మీగడ వంటి పూతగా మారి పోగు పోగుకూ పట్టుకుంటుంది. పళ్లెంలో వేశాక అడుగున నూనె విడిగా తేలితే గంజి చాలలేదని గుర్తు. ఇంకో రెండు చెంచాలు పోసి కలపండి. అక్కడ పైన పార్స్లీ ఆకు తరిగి వేస్తారు. అది దొరకకపోతే ఏమీ వేయకండి. కొత్తిమీర వేస్తే మొత్తం వాసన మారిపోతుంది. చీజ్ వేయమని చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, అది వెల్లుల్లి వాసనను అణచివేస్తుందని నా అభిప్రాయం. చల్లారితే ఈ వంటకు రుచి లేదు కనుక తినేవాళ్లు కూర్చున్న తరువాతే నీళ్లు పెట్టినా ఆలస్యం కాదు.

టమాటా కోడిగుడ్డు: చైనా పద్ధతి

మన కోడిగుడ్డు పొరటుకూ దీనికీ సరుకులు దాదాపు ఒకటే, పద్ధతి మాత్రం తలకిందులు. మనం టమాటాను మగ్గించి అందులో గుడ్లు కొట్టి పొడిపొడిగా అయ్యే వరకు వేయిస్తాం. చైనా ఇళ్లలో గుడ్లను ముందు విడిగా, సగం సగంగా వేయించి తీసేసి, టమాటా రసం ఊరిన తరువాత తిరిగి వేస్తారు. అందువల్ల గుడ్డు మెత్తగా, పొరలు పొరలుగా ఉండి రసాన్ని పీల్చుకుంటుంది.

ఇద్దరికి నాలుగు గుడ్లు, పండిన టమాటాలు 350 గ్రాములు, నాలుగు ఉల్లికాడలు, మూడు పెద్ద చెంచాల వేరుశనగ నూనె, ఉప్పు, ఒక చిన్న చెంచా పంచదార తీసుకోండి. గుడ్లలో పావు చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా నీళ్లు కలిపి బాగా గిలకొట్టండి. రెండు చెంచాల నూనెను బాగా కాగనిచ్చి గుడ్లు ఒక్కసారిగా పోస్తే అంచులు పొంగి లేస్తాయి. అట్లకాడతో అంచులను మెల్లగా మధ్యకు తోస్తూ, పైన ఇంకా తడి మెరుస్తుండగానే పళ్లెంలోకి తీసేయండి. ఇదంతా అర నిమిషం పని. అదే పాత్రలో మిగిలిన నూనె వేసి, ఉల్లికాడల తెల్ల భాగం, ముక్కలుగా కోసిన టమాటాలు, ఉప్పు, పంచదార వేసి నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. ముక్కలు పూర్తిగా కరగకూడదు, అడుగున రసం చేరాలి. గుడ్లు తిరిగి వేసి అర నిమిషం కలిపి, పచ్చని ఉల్లికాడలు చల్లి దించండి. పంచదారను వదిలేయాలని అనిపించవచ్చు. అది తీపి కోసం కాదు, టమాటా పులుపును కాస్త మెత్తబరచడం కోసం. పుల్లని నాటు టమాటాలు వాడితే అది మరింత అవసరం. సోయా సాస్ అక్కర్లేదు. వేడి అన్నంతో, కాస్త జారుగా కలుపుకొని తింటారు.

షక్షూకా

టమాటా, కోడిగుడ్డు జత మధ్యధరా సముద్రపు దక్షిణ తీరంలో మరో దారి పట్టింది. ట్యునీషియా, దాని చుట్టుపక్కల ఉన్న మగ్రిబ్ దేశాల ఇళ్లలోని ఈ వంటను, 1950ల ప్రాంతంలో అక్కడి నుంచి వలస వెళ్లిన యూదులు ఇజ్రాయెల్‌కు తీసుకువెళ్లారు; అక్కడ అది పొద్దున్నే తినే ఫలహారంగా స్థిరపడింది. ట్యునీషియాలో దీనికి బలం హరీసా అనే మిరప ముద్ద నుంచి వస్తుంది. ట్యునీషియా హరీసాను యునెస్కో 2022లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సీసాలో దొరికే హరీసా కోసం వెతకనక్కర్లేదు, ఇంట్లో చేసుకోవడం తేలిక. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే బ్యాడిగి మిరపకాయలు పది తీసుకొని, గింజలు దులిపి, వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. నీళ్లు పిండేసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక చిన్న చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర పొడి, ఉప్పు, రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనెతో మెత్తగా రుబ్బండి. అక్కడ జీలకర్రకు బదులుగా గానీ దానితో పాటుగా గానీ సీమసోపు (కారవే) గింజలు వేస్తారు. జీలకర్రతోనూ రుచి బాగానే కుదురుతుంది. మన వెల్లుల్లి కారానికి ఇది దగ్గరి బంధువులా కనిపిస్తుంది గానీ, మిర్చిని వేయించకుండా నానబెట్టి రుబ్బడం వల్ల కారం ఘాటుగా కాక పండు మిరప తీపితో తగులుతుంది. సీసాలో వేసి పైన నూనె నిలిచేలా పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. పచ్చి వెల్లుల్లి నూనెలో ఉంటుంది కాబట్టి బయట మాత్రం ఉంచకండి.

ముగ్గురికి సరిపడే షక్షూకాకు ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక ఎర్ర కాప్సికం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, బాగా పండిన టమాటాలు 600 గ్రాములు, ఒక పెద్ద చెంచా హరీసా, ఒక చిన్న చెంచా జీలకర్ర పొడి, మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, ఐదారు గుడ్లు కావాలి. వెడల్పాటి పాత్రలో నూనె వేసి, ఉల్లిపాయ, కాప్సికం ముక్కలను మధ్యస్థ మంట మీద పది నిమిషాలు మెత్తబడనివ్వండి, ఎర్రబడనక్కర్లేదు. తరిగిన వెల్లుల్లి, హరీసా, జీలకర్ర పొడి వేసి ఒక నిమిషం వేయించి, టమాటా ముక్కలు, ఉప్పు వేయండి. ఇక్కడ తొందర పడకూడదు. ఇరవై నిమిషాల పాటు, మూత లేకుండా, నీరంతా ఇగిరి పక్కలకు నూనె తేలే వరకు ఉడకనివ్వాలి. గరిటెతో గీత గీస్తే ఆ గీత రెండు మూడు సెకన్లు చెరగకుండా నిలిస్తే పాకం కుదిరినట్టు. పలుచగా ఉండగా గుడ్లు కొడితే తెల్లసొన రసంలో చెదిరిపోయి, చూడటానికీ తినటానికీ బాగుండదు.

తరువాత గరిటె వెనక భాగంతో గుంటలు చేసి, ఒక్కో గుడ్డును ముందు చిన్న గిన్నెలో కొట్టి, గుంటలో మెల్లగా జార్చండి. తెల్లసొన మీద మాత్రం కొద్దిగా ఉప్పు చల్లి, మంట తగ్గించి మూత పెట్టండి. ఐదారు నిమిషాల్లో తెల్లసొన గట్టిపడుతుంది, పచ్చసొన జారుగా ఉంటుంది. చిన్నపిల్లలకూ గర్భిణులకూ వడ్డించేటప్పుడు ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచి పచ్చసొనను కూడా పూర్తిగా ఉడికించాలి. పాత్రతో సహా బల్ల మీద పెట్టి, రొట్టెతో తుడుచుకొని తినడం అక్కడి పద్ధతి. పావ్ గానీ మందపాటి బ్రెడ్ గానీ పుల్కా కన్నా బాగా నప్పుతుంది, ఎందుకంటే ఆ రసాన్ని పీల్చుకునేది కావాలి.

ముజద్దరా

ఈ నాలుగింటిలో అతి చవకైనదీ, అతి పాతదీ ఇదే. 1226లో బాగ్దాదులో రాసిన వంటల పుస్తకంలోనే దీని ప్రస్తావన ఉంది, అక్కడ మాంసంతో. ఇప్పుడు లెబనాన్, సిరియా, పాలస్తీనా ఇళ్లలో మాంసం లేకుండా వండుతారు. క్రైస్తవ కుటుంబాలలో ఉపవాస దినాల వంట కూడా. బియ్యం, పప్పు కలిపి వండటం మనకు కొత్త కాదు, పులగం అందరికీ తెలిసినదే. కానీ ముజద్దరాకు ప్రాణం ఉల్లిపాయ. మంచి ముజద్దరా వండటమంటే ఉల్లిపాయను ముప్పై నలభై నిమిషాలు ఓపికగా వేయించడమే. మిగిలినదంతా మామూలు అన్నం వండే పని.

నలుగురికి నాలుగు పెద్ద ఉల్లిపాయలు, అంటే సుమారు 600 గ్రాములు, ఒక కప్పు సోనా మసూరి బియ్యం, ముప్పావు కప్పు పొట్టు తీయని నిండు మసూర్ పప్పు, అర కప్పు నూనె, ఒక చిన్న చెంచా జీలకర్ర పొడి, అర చెంచా మిరియాల పొడి, ఉప్పు తీసుకోండి. పొట్టు తీసి బద్ద చేసిన ఎర్ర మసూర్ పప్పు దీనికి పనికిరాదు. అది ముద్దై అన్నాన్ని పప్పన్నం చేస్తుంది. నూనెకు పొద్దుతిరుగుడు నూనె వాడి, చివర ఒక చెంచా ఆలివ్ నూనె పైన పోస్తే ఖర్చు తగ్గుతుంది, వాసన పోదు.

ఉల్లిపాయలను నిలువుగా, సన్నగా, అన్నీ ఒకే మందంలో తరగండి. మందం తేడా ఉంటే సన్నవి మాడుతుండగా లావువి పచ్చిగా ఉంటాయి. వెడల్పాటి పాత్రలో నూనె కాచి ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు వాటిలోని నీటిని లాగుతుంది, ఆ నీరు ఇగిరే వరకు, అంటే మొదటి పది పన్నెండు నిమిషాలు, రంగు మారదు. ఆ సమయంలో మంట మధ్యస్థంగా ఉంచి అప్పుడప్పుడు కలిపితే చాలు. నీరు పోయి నూనె చిటపటలాడే చప్పుడు పలుచబడగానే మంట తగ్గించి, ఇక పొయ్యి దగ్గరే ఉండండి. మొదట లేత పసుపు, తరువాత బంగారు రంగు, ఆ తరువాత ముదురు గోధుమ రంగు వస్తాయి. మన బిర్యానీకి వేయించిన ఉల్లిపాయ రంగు కన్నా ఇది ఒక మెట్టు ముదురుగా ఉండాలి, నల్లబడకూడదు. ఆఖరి రెండు మూడు నిమిషాల్లో రంగు చాలా వేగంగా మారుతుంది, నూనెలోంచి తీసిన తరువాత కూడా కొంచెం ముదురుతుంది కనుక, మీకు కావలసిన రంగుకు కాస్త ముందే మూడో వంతును చిల్లుల గరిటెతో తీసి కాగితం మీద పరవండి. చల్లారేసరికి అవి కరకరలాడతాయి. పాత్రలో మిగిలిన వాటిని ఇంకో నిమిషం ఉంచి, అర కప్పు నీళ్లు పోసి అడుగు గీకండి. ఆ నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. అన్నానికి రంగూ తీపీ అక్కడి నుంచే వస్తాయి.

ఈ లోగా పప్పును కడిగి, నాలుగు కప్పుల నీళ్లలో పదిహేను పద్దెనిమిది నిమిషాలు, మూడు వంతులు ఉడికే వరకు విడి గిన్నెలో ఉడికించండి. కుక్కర్ వద్దు, ఒక్క కూత ఎక్కువైతే పప్పు చెదురుతుంది. బియ్యాన్ని ఇరవై నిమిషాలు నానబెట్టి వంచుకోండి. పప్పును చిల్లుల గిన్నెలో వార్చి, ఆ నీటిని కొలిచి, ఉల్లిపాయ నీళ్లతో కలిపి మొత్తం రెండుంపావు కప్పుల ఎసరు అయ్యేలా చూసుకోండి. ఉల్లిపాయ ఉన్న పాత్రలోనే ఆ ఎసరు, పప్పు, బియ్యం, జీలకర్ర పొడి, మిరియాల పొడి, ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు వేసి పొంగు రానివ్వండి. తరువాత మూత గట్టిగా పెట్టి, అతి సన్నని సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచి, పొయ్యి ఆర్పి మరో పది నిమిషాలు మూత తీయకుండా ఉమ్మగిల్లనివ్వండి. మధ్యలో కలిపితే పప్పు నలిగి ముద్దవుతుంది. దక్షిణ లెబనాన్‌లో బియ్యానికి బదులు ఉడికించి ఆరబెట్టిన గోధుమ నూకతో వండుతారు.

పైన కరకరలాడే ఉల్లిపాయలు పరిచి, పక్కన పెరుగు పెట్టండి. తరిగిన కీర దోసకాయ, చిదిమిన ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, నలిపిన ఎండు పుదీనా ఆకు చిక్కని పెరుగులో కలిపితే అక్కడివారి పెరుగు పచ్చడి సిద్ధం. దానికి పోపు లేదు. నిమ్మరసం పిండిన టమాటా, ఉల్లి ముక్కలు కూడా బాగుంటాయి. ముజద్దరాను గోరువెచ్చగా తినడమే ఎక్కువమందికి ఇష్టం, చల్లగా తిన్నా రుచి తగ్గదు కనుక ఆఫీసు డబ్బాకు పనికొస్తుంది. మిగిలిన అన్నాన్ని ఎక్కువసేపు బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టి బాగా వేడి చేయండి. వేయించిన ఉల్లిపాయలను మాత్రం విడిగా గాలి చొరని డబ్బాలో ఉంచి, తినేటప్పుడే పైన వేసుకోవాలి.